కరేడు భూములు: ఊరిని ఓటు అడగాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఉలవపాడు మామిడి, సపోటా రుచి తెలియనివాళ్లు మన కోస్తాలో తక్కువ. ఆ మండలంలోని కరేడు 2025లో రాష్ట్రమంతటి నోట్లో పడింది. ఇండోసోల్ సోలార్ పరిశ్రమ కోసం ఇక్కడ ఎనిమిది వేల ఎకరాలకు పైగా తీసుకోవాలని ప్రభుత్వం తలపెట్టింది. జూన్ చివర్లో జనం హైవే మీద బైఠాయించారు. జూలై మొదట్లో అధికారులు గ్రామసభ పెడితే, భూములు ఇచ్చేది లేదని ఊరు ముఖానే చెప్పేసింది. మరి ఊరంతా చెప్పిన మాటకు విలువెంత? భూములు ఇవ్వాలా వద్దా అన్నది ఊళ్లో నేరుగా ఓటు పెట్టి తేల్చొచ్చు కదా? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు.

ఈ పరిశ్రమకు మొదట అనుకున్న చోటు కరేడు కాదు, రామాయపట్నం పోర్టు పక్క భూములు. అవి బీపీసీఎల్ (భారత్ పెట్రోలియం) చమురు రిఫైనరీ వైపు మళ్లాక చూపు ఇటు తిరిగింది. ఆ పోర్టుకే 2019 జనవరిలో ఒకసారి, 2022 జూలైలో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఈలోగా 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిసింది. ప్రభుత్వాలు మారాయి, జిల్లా మారింది, ప్రాజెక్టు చోటు మారింది. ఏ దశలోనూ ఊరి అభిప్రాయం ముందుగా అడిగింది లేదు.

జనం అంత తేలిగ్గా నమ్మకపోవడానికి పాత అనుభవాలున్నాయి. 1990లలో కొడవలూరు మండలం రాచర్లపాడు దగ్గర ఇఫ్కో ఎరువుల ఫ్యాక్టరీ అన్నారు. భూములు తీసుకున్నారు, ఫ్యాక్టరీ రాలేదు. తర్వాత అది కిసాన్ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అయింది. 2008లో వాన్‌పిక్ అనే పోర్టులు, పరిశ్రమల ప్రాజెక్టు పేరుతో ప్రకాశం, గుంటూరు తీరంలో వేల ఎకరాలు చేతులు మారాయి. చెప్పిన పోర్టులు రాలేదు, సీబీఐ కేసు మాత్రం వచ్చింది. కృష్ణపట్నం చుట్టూ థర్మల్ ప్లాంట్లు వచ్చినప్పుడు పర్యావరణ అనుమతుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగాయి. అలాంటి సభలో ఎవరేం చెప్పినా రాసుకుంటారు, అంతే. వద్దన్నవాళ్లు ఎక్కువున్నారని ప్రాజెక్టు ఆపాలన్న రూలు లేదు.

చట్టం సంగతికొస్తే, 1894 నాటి భూసేకరణ చట్టంలో రైతు ఒప్పుకోలు అనే మాటకే చోటు లేదు. అభ్యంతరం చెప్పుకోవచ్చు, రేటు కోసం కోర్టుకెళ్లొచ్చు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టం దీన్ని కొంత మార్చింది. ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాలు ఒప్పుకోవాలంది. సామాజిక ప్రభావ అంచనా, దానిపై బహిరంగ విచారణ కూడా పెట్టింది. 2018లో మన రాష్ట్రం చేసిన సవరణతో పారిశ్రామిక కారిడార్ల వంటి ప్రాజెక్టులకు ఆ అంచనా లేకుండా చేసే అధికారం ప్రభుత్వం చేతికి వచ్చింది. నా దృష్టిలో ఇక్కడే పెద్ద నష్టం జరిగింది. ఊరితో మాట్లాడక తప్పని ముఖ్యమైన ఘట్టాన్ని తప్పించుకునే వీలు దొరికింది.

ఆ 80 శాతం లెక్కలో ఎవరుంటారన్నది ఇంకా ముఖ్యం. పట్టా ఉన్నవాళ్లు, ప్రభుత్వం భూమి ఇచ్చినవాళ్లు ఉంటారు. కౌలు రైతు, కూలీ, తీరంలో వేటకెళ్లే మత్స్యకారుడు పునరావాసం లెక్కలోకి రావచ్చు గానీ ఒప్పుకోలు లెక్కలోకి రారు. గ్రామసభ అలా కాదు. రాజ్యాంగం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. సెంటు భూమి లేని యానాది కుటుంబానికీ అక్కడ మాట ఉంటుంది. ఓటు పెట్టమనడంలోని అసలు బలం ఇదే.

చిక్కులూ ఉన్నాయి. నెల్లూరులోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన పట్టాదారుకు ఊళ్లో ఓటుండదు, పోయేది మాత్రం అతని పొలమే. ఉద్యోగాలొస్తాయని ఎదురుచూసే కావలి, కందుకూరు కుర్రాళ్లు మమ్మల్నీ అడగండి అంటే? ఊరా, మండలమా, నియోజకవర్గమా? పరిధి ఎంత పెంచితే, భూమి పోగొట్టుకునేవాళ్ల గొంతు అంత చిన్నదవుతుంది. అందుకే గీత పంచాయతీ దగ్గరే గీయాలని నేనంటాను. పట్టాదారు ఒప్పుకోలు ఎలాగూ విడిగా ఉండాలి.

దేశంలో ఇది కొత్తేమీ కాదు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని విషయంలో సుప్రీంకోర్టు 2013లో నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 ఊళ్లూ వద్దన్నాయి, గని ఆగింది. అయితే అక్కడ అటవీ హక్కుల చట్టం అండగా ఉంది. షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాలకు గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చే పెసా చట్టం కూడా ఉంది. నెల్లూరు, ప్రకాశం మైదాన గ్రామాలకు ఆ రెండు రక్షణలూ లేవు. కరేడు గ్రామసభ మాట వినాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టానికే మిగిలింది.

భూసేకరణ ఉమ్మడి జాబితాలోని అంశం. అసెంబ్లీ సవరణ చేసి, 2018లో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుని ప్రభావ అంచనాను సడలించింది. ఏదైనా పంచాయతీలో పెద్ద ఎత్తున భూమి తీసుకోవాలంటే గ్రామసభలో రహస్య ఓటు తప్పనిసరి అనే సవరణ తేవాలన్నా, అసెంబ్లీకి దారి అదే.