కంటికి ఆనని ప్రమాదం

పని మొదలయ్యే ముందు "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పడం దాదాపు ప్రతి పనిచోటా ఆనవాయితీ. విన్నవారు తలూపుతారు, దేని విషయంలో జాగ్రత్తపడాలో మాత్రం ఆ మాటలో ఉండదు. ఏళ్ల అనుభవమున్నవారు సైతం ఎదుట ఉన్న ప్రమాదాల్లో చాలావాటిని ముందుగా గుర్తించలేకపోతున్నారని నిర్మాణ పనులపై జరిగిన పరిశోధనల్లో తేలింది.

దీన్ని అశ్రద్ధ అనడం అన్యాయం. చూపు తాను వెతుకుతున్నదాన్నే పట్టుకుంటుంది. 2013లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో చిన్న గడ్డల కోసం వెతుకుతున్న 24 మంది రేడియాలజిస్టులకు, మామూలు గడ్డకు 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను స్కాన్‌లో చొప్పించి చూపించగా, 20 మంది దాన్ని గమనించనే లేదు. వారిలో సగానికి పైగా నేరుగా ఆ బొమ్మ వైపే చూసినవారు!

కాబట్టి ఏం వెతకాలో ముందే చెప్పాలి. గాయమంటే శరీరం తట్టుకోలేనంత శక్తి దాన్ని తాకడమేనని మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 1961లో ప్రతిపాదించారు. ఎత్తు, కదలిక, విద్యుత్తు, పీడనం, వేడి, రసాయనం: వీటిలో ఇక్కడ ఏది దాగి ఉంది, అదుపు తప్పితే ఎటు వస్తుంది అని ఒక్కొక్కటిగా అడుగుతూ పోవడమే పద్ధతి. ఎత్తు, కదలిక ఎవరికైనా స్ఫురిస్తాయి. పీడనం, రసాయనాలే తరచుగా మరుగున పడతాయి.

పంపు విప్పే పనినే తీసుకుందాం. మోటారు ఆగింది, కరెంటు తీసేశారు, రెండు వైపులా వాల్వులు కట్టేశారు. ఆ నిశ్శబ్దమే మోసం చేస్తుంది, ఎందుకంటే వాల్వుల మధ్య చిక్కుకున్న ద్రవం పీడనంతోనే ఉండి, ఫ్లాంజి (గొట్టాలను కలిపే అంచు) బోల్టు వదులు చేయగానే ముఖం మీదికి చిమ్మవచ్చు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కలిసిన మురుగునీరైతే మరో చిక్కు: ఆ వాయువు మోతాదు పెరిగినప్పుడు ముక్కు దాని వాసనను పసిగట్టలేదు, దాంతో గాలి శుభ్రపడిందన్న భ్రమ కలుగుతుంది. పైన 20 మీటర్ల ఎత్తులో ఎవరి చేతినుంచో స్పానరు జారితే, కింద తగిలేసరికి దాని వేగం గంటకు 70 కిలోమీటర్లు.

ఈ ప్రశ్నలు అడిగే తీరులోనూ మెళకువ ఉంది. మేస్త్రి తానే జవాబులన్నీ చెప్పేస్తే మిగతావారి చూపు అక్కడే ఆగిపోతుంది. అందుకే ముందు అందరికన్నా కొత్తగా చేరినవారిని అడిగి, మేస్త్రి చివర మాట్లాడటం మేలని నా అభిప్రాయం. మధ్యలో వాన వచ్చినా, పక్కన మరో బృందం పని మొదలుపెట్టినా, ఉదయం ఇచ్చుకున్న జవాబులు చెల్లవు. పని ఆపి అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి.