ఊదమంటే ఊదాలా?

పెండ్లి దావత్ అయిపోయి రాత్రి పదకొండు దాటింది. బండి మా బామ్మర్ది నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. నల్లగొండకు వచ్చే దారిలో ఒక చౌరస్తా దగ్గర బారికేడ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. టార్చిలైటు మొహం మీద పడింది. "బండి పక్కకు పెట్టు తమ్మీ, ఊదు" అన్నాడు కానిస్టేబుల్. మా వాడు బ్రెత్ ఎనలైజర్ గొట్టం దిక్కు కాకుండా నా దిక్కు చూశాడు. "బావా, ఊదుమంటే ఊదాల్నా? ఊదకపోతే ఏమైతది?"

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ గొట్టం వెనక ఉన్న పెట్టెలో ఏం జరుగుతుందో బోర్డు మీద రాసి చూపించగలను. చట్టం ఏమంటుందో మాత్రం ఆ రాత్రి నోట మాట రాలేదు. వాడు ఊదాడు. మిషిన్ మీద 47 వచ్చింది. "రెండు సీసాల కల్లే గద సార్, మందు ముట్టలే" అని వాడు, "గదే కనవడుతుంది" అని ఆయన.

తర్వాత కొన్ని రోజులు కూర్చుని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 185 నుంచి 207 దాకా ఉన్న సెక్షన్లు చదివాను. వకీలు చదివినట్టు కాదు, ల్యాబ్ రికార్డు దిద్దినట్టు చదివాను. అప్పుడు తట్టింది: ఈ చట్టం డ్రైవరుకిచ్చిన రక్షణల్లో చాలావరకు, ఆ మిషిన్ ఎక్కడెక్కడ తడబడుతుందో సరిగ్గా అక్కడక్కడే ఉన్నాయి. కెమిస్ట్రీ తెలిస్తే సెక్షన్లు వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు మిషిన్ సంగతి. అది రక్తాన్ని చూడదు, ఊపిరిని చూసి రక్తం లెక్క కడుతుంది. కల్లు కుండ మీద మూత తీయగానే వాసన గుప్పుమంటుంది కదా. ద్రవంలో ఎంత ఆల్కహాల్ ఉంటే దాని మీది గాలిలోకి అంత లెక్కన చేరుతుంది. విలియం హెన్రీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1803లో చెప్పిన సూత్రం ఇదే. ఊపిరితిత్తుల లోపలి అంచున రక్తం ఒకవైపు, గాలి ఒకవైపు ఉంటాయి. మధ్యలో ఉన్నది పల్చటి పొర. రక్తంలోని ఆల్కహాల్ ఆ పొర దాటి గాలిలో కలుస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో, ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే 2100 మిల్లీలీటర్ల గాలిలో సుమారుగా అంతే ఉంటుందని లెక్క. "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని పోలీసు అరిచేది అందుకే. నోట్లో ఉన్న గాలి పనికిరాదు, అడుగు గాలి కావాలి. ఉల్లిగడ్డ నమిలినా, సోంపు నమిలినా, పాన్ వేసుకున్నా మారేది పక్కన కూర్చున్నవాడికొచ్చే వాసనే గాని రీడింగ్ కాదు.

అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో చేసిన పరికరంలో పొటాషియం డైక్రోమేట్ ద్రావణం ఉండేది. ఆల్కహాల్ తగిలితే నారింజ రంగు పోయి ఆకుపచ్చ వస్తుంది. మా ఇంటర్ పిల్లలకు పరీక్షనాళికలో చూపించే మార్పే. ఇప్పుడు పోలీసుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఫ్యూయెల్ సెల్ మిషిన్లు. లోపల ప్లాటినం పలకలుంటాయి. వాటి మీద ఆల్కహాల్ ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, మారుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఎంత కరెంటు పుడితే అంత ఆల్కహాల్ అన్నమాట. పొద్దున దింపిన కల్లు మర్నాటికి పులిసి పుల్లగా అవుతుంది చూడండి, అక్కడ బ్యాక్టీరియా తీరిగ్గా చేసే పనీ ఇదే. ప్లాటినం దాన్ని క్షణాల్లో చేస్తుంది.

ఇక మా వాడి 47, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 47 మిల్లీగ్రాముల ఆల్కహాల్. కల్లు మందు కాదని మా వైపు గట్టి నమ్మకం. తాటి కల్లులోనో ఈత కల్లులోనో పులిసిన కొద్దీ ఆల్కహాల్ 4 శాతం దాకా చేరుతుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. సీసా అంటే బీరు సీసాయే, 650 మిల్లీలీటర్లు. రెండు సీసాలంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో 41 గ్రాములు. మగవారి శరీరంలో ఆల్కహాల్ పరుచుకునే చోటు బరువులో సుమారు 68 శాతమని స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ లెక్క, ఆడవారిలో 55 శాతం. మా వాడు 70 కిలోలు. భాగిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో 85 నుంచి 90 మిల్లీగ్రాములు. కాలేయం గంటకు ఇంచుమించు 15 మిల్లీగ్రాములు కరిగిస్తుంది. ఎనిమిదింటికి తాగడం ఆపాడు, పదకొండింటికి ఊదాడు. మూడు గంటలకు 45 తీసేయండి. మిషిన్ అబద్ధమాడలేదు.

185వ సెక్షన్ గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. తూలాడా, మాట తడబడిందా అన్న ప్రశ్నే లేదు. 30 దాటితే చాలు. మొదటిసారైతే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 సంవత్సరాల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో వచ్చిన అంకెలివి. రోడ్డు మీదే చలాన్ కట్టి పోదామంటే కుదరదు, ఈ నేరానికి చట్టంలో రాజీ రుసుము లేదు, కోర్టుకు పోవలసిందే. ఎవరైనా అక్కడికక్కడే డబ్బుతో తేలుద్దామంటే ఆ డబ్బు ప్రభుత్వానికి పోయేది కాదు. ఈ గీతను పొద్దున బండి తీసేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. 60 కిలోల మనిషి రాత్రి పదకొండింటికి విస్కీ క్వార్టర్ ముగిస్తే రక్తంలో 150 దాకా పోతుంది. గంటకు 15 చొప్పున అది 30కి దిగేసరికి పొద్దున ఏడు. నిద్ర పోయినా, మజ్జిగ తాగినా, తలస్నానం చేసినా కాలేయం తన నడక మార్చుకోదు.

బామ్మర్ది ప్రశ్నకు వస్తాను. 203వ సెక్షన్ ప్రకారం ఊదమని అడగగలిగేది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, లేదా అధికారమిచ్చిన రవాణా శాఖ అధికారి. అడగాలంటే తాగాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉండాలని కూడా అందులోనే రాసి ఉంది. వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపి ఊదించడం ఈ మాటకు ఎంత సరిపోతుందన్నది వాదించదగ్గ విషయమే. కానీ ఆ వాదనకు చోటు కోర్టు, అర్ధరాత్రి బారికేడ్ దగ్గర కాదు. అడిగేది బండి నడిపేవాణ్ణి, నడపబోయేవాణ్ణి మాత్రమే. వెనక కూర్చున్న నేను ఊదనక్కరలేదు.

ఊదనంటే? తాగాడని అనుమానం ఉంటే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. పైగా 205వ సెక్షన్ ఉంది: సరైన కారణం లేకుండా ఊపిరిగాని రక్తంగాని ఇవ్వనన్న సంగతిని కోర్టు పోలీసుల సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చు. "నాకు వ్యతిరేకంగా నేనే సాక్ష్యం ఇవ్వక్కరలేదని రాజ్యాంగంలో ఉంది గదా" అని మా స్టాఫ్ రూంలో ఒకాయన వాదించాడు. ఉంది, 20వ అధికరణం మూడో క్లాజు. కానీ 1961లో సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం కాఠీ కాలూ ఓఘడ్ కేసులో వేలిముద్ర, చేతిరాత ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని తేల్చింది. ఊపిరీ ఆ కోవలోదే. అది మాట కాదు, వస్తువు. "ఎంత తాగావ్, ఎక్కడ తాగావ్, ఎవడు పోశాడు" అన్న ప్రశ్నలకు జవాబు మాత్రం మాట. అక్కడ నోరు మూసుకునే హక్కు ఉంది. మా వాడు ఆ హక్కును అడగకముందే వదిలేసుకున్నాడు, సీసాల లెక్కతో సహా.

మిషిన్ తడబడే చోట్లు చూద్దాం. 2100 అన్న అంకె అందరికీ, అన్ని వేళలా ఒకటి కాదు. ఒంట్లో ఆల్కహాల్ దిగుతున్న దశలో అసలు నిష్పత్తి అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి మిషిన్ కాస్త తక్కువ చూపిస్తుంది, అంటే తాగినవాడికే లాభం. ఇప్పుడే తాగి బయల్దేరినవాడిలో, పేగుల నుంచి ఇంకా రక్తంలోకి ఎక్కుతున్న దశలో, ఎక్కువ చూపించే వీలుంది. జ్వరంతో ఊపిరి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినా రీడింగ్ 6, 7 శాతం పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు నోటిదగ్గరే ఉంది. అప్పుడే గుక్క వేసినా, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించినా, తేన్పు వచ్చినా నోట్లో మిగిలిన ఆల్కహాల్ అంకెను ఆకాశానికి లేపుతుంది. 15 నిమిషాలు ఆగితే అది పోతుంది. అందుకే ఒక్కసారి కాదు, "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ" నమూనాలని 203లో ఉంది. అరెస్టు చేస్తే స్టేషన్లో మళ్లీ ఊదే అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. ఇది దయ కాదు, సెక్షన్. మౌత్‌వాష్ వాడి దొరికినవాడికి ఈ రెండో ఊదుడే దిక్కు. గొట్టం కొత్తది వేయమని, ఊదకముందు మిషిన్ సున్నా చూపిస్తోందో లేదో చూపించమని అడగడంలో తప్పేం లేదు. మిషిన్ ఇచ్చే స్లిప్ మీద సంతకం పెట్టేముందు అంకెతో పాటు టైమూ చూసుకోవాలి.

టైము అని ఎందుకంటున్నానంటే, నాకు అన్నిటికన్నా నచ్చిన సెక్షన్ దాని మీదే ఆధారపడింది. 202 ప్రకారం 185 కింద అరెస్టు చేసినవాడికి రెండు గంటల్లోగా రిజిస్టరైన డాక్టరు చేత పరీక్ష జరగాలి. లేదంటే వదిలేయాలి. రెండు గంటలే ఎందుకు? గంటకు 15 చొప్పున రెండు గంటల్లో 30 మిల్లీగ్రాములు కరిగిపోతాయి. అంటే చట్టం గీసిన గీత మొత్తం. ఆలస్యమైతే దోషి తప్పించుకోవచ్చు. ఆల్కహాల్ ఇంకా ఎక్కుతున్నవాడైతే రోడ్డు మీద లేని నేరం స్టేషన్లో కనపడొచ్చు. చట్టం రాసినవాళ్లు ఈ లెక్క వేశారో లేదో గాని, కెమిస్ట్రీ మేష్టారికి మాత్రం ఇది చక్కగా కుదిరిన సమస్యలా కనిపించింది.

రక్తం తీయమని అడిగే అధికారం 204వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది, తీయాల్సింది డాక్టరు. ఇవ్వాల్సింది మహిళయి, తీసే డాక్టరు మగవాడైతే పక్కన ఇంకో మహిళ ఉండి తీరాలి. ఇన్‌పేషెంటుగా ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి ఈ సెక్షన్ల కింద అక్కడ అరెస్టు చేయకూడదు. అరెస్టయితే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, వకీలును పిలుచుకోనివ్వాలి. పైగా ఇది బెయిల్ ఇచ్చి తీరవలసిన నేరం.

జనం భయపడేది వీటికి కాదు, బండి పోతుందని. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని తీర్పిచ్చింది. తాగినవాణ్ణి నడపనివ్వొద్దు. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే అతనికి ఇవ్వాలి. లేకపోతే దగ్గరివాళ్లను పిలవాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్లో భద్రంగా పెట్టాలి. లైసెన్సు సంగతి వేరు. అది తీసుకుని రద్దు చర్యలకు పంపొచ్చు, రసీదు ఇస్తారు, కానీ ఈ కేసులో ఆ రసీదు పట్టుకుని బండి నడపడానికి లేదు.

మిషిన్‌కు అసలే కనపడనిది ఒకటుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతున్నారన్న కేసులు ఏళ్లుగా ఉన్నవే. ఆ కల్లు దొరక్కపోతే వణుకులతో, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు క్యూ కట్టడమూ చూశాం. ఊదితే వచ్చే అంకెలో ఇవి లెక్కకు రావు. ఒక సీసా తాగినవాడు మూడు గంటల తర్వాత ఊదితే అంకె 30 లోపే రావచ్చు, కండ్లు మాత్రం మూతలు పడుతూ ఉంటాయి. 185లోనే రెండో భాగం ఉంది: బండిని అదుపు చేయలేనంతగా మత్తుపదార్థం ప్రభావంలో ఉన్నా అదే శిక్ష. అది తేల్చాలంటే రక్తం ల్యాబ్‌కు పోవాలి. బారికేడ్ దగ్గర మిషిన్ "పో" అన్నది కాబట్టి పోవచ్చని అనుకునేవాళ్లు జడ్చర్ల దగ్గరా ఉంటారు, దేవరకొండ దగ్గరా ఉంటారు.

ఆ రాత్రి బండి నాకే ఇచ్చారు. నేను తాగను, లైసెన్సుంది. రాత్రిపూట ఎదురు లైట్లకు నా కండ్లు తట్టుకోవు కాబట్టే వాడికిచ్చాను. ఇరవై కిలోమీటర్ల వేగంతో, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఇల్లు చేరాను. వాడు తర్వాత కోర్టుకు పోయి జరిమానా కట్టి వచ్చాడు.

సెక్షన్లు చదువుతూ చదువుతూ 188 దగ్గర ఆగిపోయాను. 185 కింది నేరానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష అని ఉంది. బండి నాది, వాడు రెండు సీసాలు తాగడం నా కండ్లతో చూశాను, తాళం నేనే ఇచ్చాను. ఆ రాత్రి చౌరస్తా దగ్గర ఆ మాట మాత్రం ఎవరూ అడగలేదు.