ఆ బావిని పూడ్చిందెవరు?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన ఇళ్లలో రెండు మాటలు తరచూ వినబడతాయి. "శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అనేది ఒకటి. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనేది రెండోది. రెంటినీ పక్కపక్కన పెట్టండి. అంతా ఆయన ఆజ్ఞే అయితే చేసుకున్నవాడి తప్పేముంది? తప్పు వాడిదే అయితే ఆజ్ఞ ఏమైనట్టు? దేవుడు చేసిన లోకంలో ఇంత బాధ ఎందుకంటే, మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కనుక అంటారు. ఆ జవాబు సరిపోతుందా?

గాల్లో వాదిస్తే తేలదు. జరిగిన సంగతి మీద పెట్టి చూద్దాం. 1934 జనవరి 15 మధ్యాహ్నం రెండు దాటాక బీహార్‌నూ నేపాల్‌నూ భూకంపం కుదిపేసింది. వేలమంది పోయారు. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు కూలాయి. గంగకు ఉత్తరాన నేలంతా నదులు తెచ్చిపోసిన ఒండ్రు, ఇసుక. కాస్త తవ్వితే నీళ్లు. అలాంటి నేలను గట్టిగా కుదిపితే ఇసుక రేణువుల పట్టు విడిపోతుంది. వాటి మధ్య నీటికి ఒత్తిడి పెరిగి, ఇసుకను వెంటబెట్టుకుని పగుళ్లలోంచి పైకి చిమ్ముతుంది. పొలాల్లో ఇసుక మేట వేసింది, ఇళ్లు కుంగాయి, బావులు పూడిపోయాయి.

గాంధీజీ అప్పుడు హరిజన యాత్రలో దక్షిణాదిన ఉన్నారు. అంటరానితనమనే పాపానికి ఇది దేవుడి శిక్ష అన్నారు. అంటరానితనాన్ని తానూ అంతే ద్వేషించిన రవీంద్రనాథ్ ఠాగూర్ మాత్రం ఈ మాట ఒప్పుకోలేదు. భూకంపానికి కారణాలు భూమిలోనే ఉంటాయి, మన పాపాలు ఎంత పెద్దవైనా సృష్టి కట్టడాన్ని కూల్చేంత బలం వాటికి లేదని రాశారు. ఆ లేఖను గాంధీజీ ఫిబ్రవరి 16న తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకాన్ని పక్కనే చెప్పుకున్నారు. ఎదుటివాడి మాటను పూర్తిగా వినిపించి వాదించడమంటే అదీ.

నా మట్టుకు ఠాగూర్ మాటే సరి. శిక్షే అయితే, బావి దగ్గరికి రానివ్వనివాడితో పాటు గెంటించుకున్నవాడి గుడిసె ఎందుకు కూలాలి?

రెండు బావులు ఊహించుకోండి. ఒకదాన్ని ఇసుక పూడ్చింది. రెండోదాంట్లో నీళ్లు నిండుగా ఉన్నా, కొందరిని చేద వేయనివ్వలేదు. దాహం రెండుచోట్లా ఒకటే. స్వేచ్ఛ అనే జవాబు పనికొచ్చేది రెండో బావి దగ్గరే. అక్కడైనా స్వేచ్ఛ గట్టు మీద నిలబడ్డవాడిది, దాహం ఖాళీ కుండతో ఎదురుచూసే ఆమెది. ఒకరి స్వేచ్ఛకు ఇంకొకరు ఎందుకు వెల కట్టాలో ఆ జవాబు చెప్పదు.

అమెరికా తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 1974లో ఈ వాదాన్ని పకడ్బందీగా కట్టాడు. తప్పు చేసే వీలే లేకపోతే అది స్వేచ్ఛ కాదు, కాబట్టి దేవుడూ చెడూ కలిసి ఉండడం తర్కానికి విరుద్ధం కాదు అన్నాడు. అంతవరకే అన్నాడు. బాధకు అసలు కారణం ఇదే అనలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. భూకంపాల దగ్గరికొచ్చేసరికి, కంటికి కనబడని స్వేచ్ఛాజీవుల పని కావచ్చన్నాడు. తర్కానికి ఆ 'కావచ్చు' చాలు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి చాలదు.

వేదాంతానికి మూలగ్రంథమైన మన బ్రహ్మసూత్రాలు (2.1.34) ఇంకో దారి చూపాయి: ఈశ్వరుడికి పక్షపాతమూ నిర్దయా లేవు, జీవుల కర్మను బట్టే ఇస్తాడు. శంకరులు వానతో పోల్చారు. వాన అన్ని విత్తనాలకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిదంటే, సంసారం, అంటే ఈ చావుపుట్టుకల చక్రం, అనాది, దానికి మొదలే లేదు అని తర్వాతి సూత్రం. దాంతో లెక్క వెనక్కి జరిగిందే గానీ తెగలేదని నాకనిపిస్తుంది. పైగా ఆ సూత్రం దేవుడి న్యాయం గురించి చెప్పింది. పక్కింటివాడి కష్టం చూసి వాడి పాపం చదవమని మనకు చెప్పలేదు.

భూకంపం వచ్చిన రెండు రోజులకు రాజేంద్రప్రసాద్‌ను జైలు నుంచి వదిలారు. ఆరోగ్యం బాగోకపోయినా ఆయన సహాయ సంఘం కట్టారు. మార్చిలో గాంధీజీ కూడా బీహార్ చేరుకున్నారు. తిండి, గుడిసెలతో పాటు అక్కడ ముందు చూడాల్సిన పని ఒకటుంది: పూడిన బావుల్లోంచి ఇసుక తోడడం.

మీ తాతయ్య