చత్వారం: పేరులోనే వయసు

మందు స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ తేదీ కనపడక చేయి దూరం చాచి, అదీ చాలక కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూస్తున్నారంటే చత్వారం వచ్చినట్టే. చత్వారింశత్ అంటే సంస్కృతంలో నలభై. కన్నడిగుల ‘చాళీసు’ కూడా నలభయ్యే. తమిళ, మలయాళాల్లో ‘వెళ్ళెళుత్తు’ అంటారు, తెల్లబోయిన అక్షరమని. డాక్టర్లు రాసే ప్రెస్బయోపియా గ్రీకు మాట, ముసలి కన్ను అని అర్థం. జపాన్‌వాళ్ల ‘రోగన్’ కూడా అంతే. నా మట్టుకు వీటిలో సరైన పేరు మనదే.

ఎందుకంటే లెక్క కుదురుతుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంట్లో సిలియరీ కండరం బిగుసుకుంటుంది, కటకాన్ని లాగిపట్టిన సన్నటి తంతువులు వదులవుతాయి, కటకం ఉబ్బి పవర్ పెంచుకుంటుంది. ఏటేటా కటకం గట్టిపడి ఆ ఉబ్బు తగ్గిపోతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో చదవడానికి 2.5 డయాప్టర్లు (కటకం పవర్‌కు కొలమానం) కావాలి. ఉన్న శక్తిలో సగమే వాడితే కన్ను అలసిపోదు కాబట్టి 5 ఉండాలి. వయసుతో ఈ శక్తి ఎంత తగ్గుతుందో చెప్పే హాఫ్‌స్టెటర్ సూత్రం ప్రకారం 18.5 లోంచి వయసుకు 0.3 రెట్లు తీసేస్తే సగటు శక్తి వస్తుంది. 45 ఏళ్లకు సరిగ్గా 5! తక్కువ శక్తి ఉన్నవాళ్లు 40కే అక్కడికి చేరతారు.

దీన్ని ‘దూరదృష్టి’ (దీర్ఘదృష్టి) అనడం పొరపాటు. దీర్ఘదృష్టి సాధారణంగా కనుగుడ్డు పొట్టిగా ఉండటం వల్ల వస్తుంది, పిల్లలకూ ఉంటుంది. దూరానిది కనపడక మైనస్ 2.50 అద్దాలు పెట్టుకునేవాళ్లు అవి తీసేసి హాయిగా చదువుకుంటూ తమకు చత్వారం రాలేదనుకుంటారు. వచ్చింది, మైనస్ దాన్ని కప్పింది, అంతే.

అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందన్న భయం వద్దు. పెట్టుకున్నా మానినా కటకం గట్టిపడుతూనే ఉంటుంది. 50 ఏళ్లకు సుమారు ప్లస్ 2, 60కి ప్లస్ 2.50 పడుతుంది. రెడీమేడ్ రీడింగ్ గ్లాసుల్లో రెండు కళ్లకూ ఒకటే పవర్, సిలిండర్ (కంటి వంపులో తేడాను సరిచేసే పవర్) ఉండదు. అద్దం మధ్యభాగం నల్లగుడ్డుకు ఎదురుగా రాకపోతే తలనొప్పి కూడా వస్తుంది. అక్షరం పెద్దగా కనపడుతుందని ఎక్కువ పవర్ కొంటే పుస్తకం ముక్కుకు దగ్గరగా పట్టుకోవాల్సి వస్తుంది.

అరవై దాటినవాళ్లు ఉన్నట్టుండి ‘అద్దాలు లేకుండానే పేపర్ చదివేస్తున్నా’ అంటే మాత్రం సంబరపడొద్దు. శుక్లం మొదలై కటకం మధ్యభాగం చిక్కబడితే మైనస్ పవర్ వస్తుంది, దగ్గరిది కనపడి దూరానిది మసకేస్తుంది. షుగర్ బాగా పెరిగినా ఇలాగే అవుతుంది. ఆ వారమే కంటి డాక్టరుకు చూపించి, షుగర్ పరీక్ష కూడా చేయించండి.