పండిన తర్వాత పోయే గింజలు

చిన్నూకీ, బుజ్జికీ, వాళ్ల క్లాసు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"ఆఫ్రికాలో వానలు పడవు, అందుకే అక్కడ తిండి ఉండదు" అని ప్రాజెక్టులో రాశారట, మీ అమ్మ చెప్పింది. యాభై నాలుగు దేశాలున్న ఖండాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారన్నమాట! వానల్లేని చోట్లు ఉన్న మాట నిజమే. అయితే చక్కగా పండి, ఇంటికి చేరి, ఆ తర్వాత పాడైపోయే తిండి కూడా తక్కువేం కాదు. సహారా ఎడారికి దిగువనున్న దేశాల్లో ఇలా పోయే ధాన్యం విలువ ఏడాదికి దాదాపు 400 కోట్ల డాలర్లని 2011లో ప్రపంచ బ్యాంకు అంచనా కట్టింది. గోదాముల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, పురుగులతో నాకు కాస్త పరిచయం ఎక్కువ. వాటితోనే మొదలుపెడతాను.

నైజీరియా, నైజర్, కామెరూన్ వైపు బొబ్బర్లు బాగా పండిస్తారు. మనం వడలు వేసుకునే బొబ్బర్లే. వాళ్లూ నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి నూనెలో వేయిస్తారు, అకరా అంటారు. ఈ గింజలకు ఒక పెంకు పురుగు పడుతుంది. చేలో ఉండగానే కాయల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గింజలోకి దొలుచుకుపోయి, లోపలే తిని పెరిగి, గుండ్రంగా చిల్లు చేసుకుని బయటికొస్తుంది. ఎండాకాలంలో నెల తిరక్కుండానే తర్వాతి తరం తయారు. కోతప్పుడు పట్టించుకోని నాలుగు పురుగులు కొన్ని నెలల్లో బస్తాడు గింజల్ని పిండి చేసి వదులుతాయి.

1980ల చివర్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం కామెరూన్ రైతులతో కలిసి దీనికో ఉపాయం కనిపెట్టింది. పిక్స్ సంచి అంటారు. బయట మామూలు ప్లాస్టిక్ గోనె, లోపల మందపాటి పాలిథిన్ సంచులు రెండు. గింజలు నింపి, గాలి పోయేలా అదిమి, ఒక్కో సంచి మూతిని విడివిడిగా మెలితిప్పి గట్టిగా కట్టాలి. మందూ మాకూ ఏమీ వేయక్కర్లేదు. లోపలున్న ఆక్సిజన్‌ని పురుగులే పీల్చి తగ్గించేసుకుంటాయి. అప్పుడవి ఊపిరాడక చస్తాయని మీరనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. నిజానికి దాహంతో చస్తాయట! ఎండు గింజలో వాటికి తాగడానికి నీళ్లెక్కడివి? తిన్న తిండిని ఆక్సిజన్‌తో మండించి ఒంట్లోనే నీళ్లు తయారు చేసుకుంటాయి. ఆక్సిజన్ లేకపోతే ఆ నీళ్లూ లేవు. మర్డాక్ బృందమే 2012లో ఈ సంగతి బయటపెట్టింది.

మొక్కజొన్న కథ వేరు. మెక్సికో, మధ్య అమెరికాల్లో పుట్టిన ఒక తొలుచు పురుగు 1980 ప్రాంతంలో టాంజానియాలో తేలింది. అక్కడ దాన్ని డుముజీ అంటారు. సొంత గడ్డ మీద దాన్ని తినే శత్రువులు ఉన్నాయి, ఆఫ్రికాలో అప్పట్లో అడిగేవాళ్లే లేకపోయారు. అది చెక్కని కూడా తొలిచేస్తుంది, ఇక గింజ ఓ లెక్కా?

పురుగైనా కంటికి కనిపిస్తుంది. బూజు విషం కనిపించదు. 2004లో కెన్యాలోని మకుయేని, కిటుయి ప్రాంతాల్లో సరిగ్గా ఆరని మొక్కజొన్నలు తిని 317 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో 125 మంది చనిపోయారు. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. ఉడికించినా పోదు, నాలుకకూ తెలియదు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వేరుశనగ మీద పరిశోధించేదీ ఈ విషం గురించే. అందుకే ఎంత మంచి సంచైనా తడి గింజ పోస్తే లాభం లేదు, లోపల బూజు పడుతుంది. తేమ కొలిచే మీటరు లేని రైతులకు ఒక తేలిక పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో కాసిని గింజలు, బాగా ఆరిన ఉప్పు వేసి మూతపెట్టి గిలకొట్టి, పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, మళ్లీ ఎండలో పోయాల్సిందే. ఇంట్లో మీరూ చేసి చూడొచ్చు.

కర్రపెండలానికైతే ఇంత వ్యవధి కూడా ఉండదు. తవ్విన రెండు మూడు రోజులకే దుంప లోపల నల్లబడుతుంది. అందుకని నైజీరియాలో ఆడవాళ్లు వెంటనే తురిమి, సంచుల్లో పులియబెట్టి, బరువు పెట్టి నీళ్లు పిండి, పెనం మీద వేయించి గరి చేస్తారు. అది నెలల తరబడి నిలవుంటుంది. సామర్లకోట, పెద్దాపురం వైపు ఇదే దుంపని సగ్గుబియ్యం చేస్తారు.

ఇంతకీ అసలు చిక్కు పురుగుల దగ్గర లేదు, డబ్బు దగ్గరుంది. కోత కాగానే అందరి పంటా ఒకేసారి సంతకు రావడంతో ధర పడిపోతుంది. స్కూలు ఫీజులు, అప్పులు మాత్రం ఆగవు. పైగా దాచుకుంటే పురుగు తింటుందన్న టెన్షన్. దాంతో అయినకాడికి అమ్మేసి, ఆకలి నెలల్లో అదే గింజని ఎక్కువ ధరకు కొనుక్కుంటారు. మన రైతులు కళ్లంలోనే అమ్ముకోవడం మీరు చూసిందే. నైజర్‌లో దీనికో పద్ధతి పెట్టుకున్నారు. రైతులు పంటని ఒక కొట్లో పెడతారు, తలుపుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి రైతు సంఘం దగ్గర, రెండోది అప్పిచ్చే సంస్థ దగ్గర. ఇద్దరూ వస్తేగానీ తలుపు తెరుచుకోదు. ఆ గింజల మీద అప్పు పుడుతుంది, ధర పెరిగాక అమ్మి తీర్చేస్తారు. నన్నడిగితే, సంచి కన్నా ఈ రెండు తాళాల తెలివే గొప్పది.

ప్రభుత్వాల సంగతికొస్తే, 2014లో ఈక్వటోరియల్ గినీ దేశంలోని మలాబోలో ఆఫ్రికా దేశాధినేతలు కూర్చుని, కోత తర్వాత పంట పాడైపోయే ఈ నష్టాన్ని 2025కల్లా సగానికి తగ్గిస్తామన్నారు. తగ్గలేదు. 2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో మళ్లీ కూర్చుని ఆ సగాన్నే 2035కి జరిపారు. అప్పటికి మీరు కాలేజీలు కూడా దాటేసి ఉంటారు, ఏమైందో కనుక్కుని నాకు చెప్పండి. ఉప్పు పరీక్ష మాత్రం ఈ ఆదివారమే చేయండి. సీసా పగలగొట్టారని మీ అమ్మ తిడితే నా పేరు చెప్పొద్దు.

మీ తాతయ్య