చిట్టీ పైసలకు బదులు ప్లాటు: అపోహలు - వాస్తవాలు

"చిట్టీ పాడుకొని ఆర్నెల్లయింది సార్. పైసలు లేవంటున్నరు, ప్లాటు రాసిస్తమంటున్నరు. తీసుకోమంటరా?" హన్మకొండ, కరీంనగర్‌లలో చిట్టీల కాగితాలు చూసేవాళ్లకు ఇది వారం తప్పని ప్రశ్న. బిడ్డ పెళ్లికో ఇంటి స్లాబుకో కట్టుకున్న చిట్టీ అది, కంగారు ఉంటుంది. ఆ కంగారులో పక్కింటాయన చెప్పిన మాట పట్టుకొని సంతకం పెట్టి వస్తారు, అక్కడే మునుగుతారు.

అపోహ: ప్లాటు తీసుకుంటే నష్టమేముంది? రేటు పెరుగుతుంది కదా.

1982 చిట్ ఫండ్స్ చట్టం 14వ సెక్షన్ చూడండి. చందాదారుల డబ్బుతో చిట్టీ నడపొచ్చు, ఇంకా పాడని వాళ్లకు వాళ్లు కట్టిన దాని మీద అప్పు ఇవ్వొచ్చు, ఆమోదించిన బ్యాంకులో వేయొచ్చు, ట్రస్టీ సెక్యూరిటీల్లో (ట్రస్టుల చట్టం ఒప్పుకున్న సర్కారు బాండ్ల లాంటివాటిలో) పెట్టొచ్చు. భూమి కొనొచ్చని అందులో ఎక్కడా లేదు. 12వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా చిట్ కంపెనీ వేరే వ్యాపారమే చేయకూడదు. పైసలు లేవు, వెంచర్ ఉందన్నారంటే మీ కిస్తులు ఎటు పోయాయో వాళ్లే చెప్పినట్టు.

ఇక లెక్క. 10 లక్షల చిట్టీ, 50 మంది, 50 నెలలు. మీరు రెండున్నర లక్షలు తగ్గించి పాడారు, రావాల్సింది ఏడున్నర లక్షలు. కంపెనీ గజం 5,000 చొప్పున 150 గజాలు రాసిస్తానంటుంది. అదే వెంచర్‌లో బయట గజం 3,500కు మించి అడిగేవాడు లేకపోతే మీ చేతికొచ్చింది 5.25 లక్షల సరుకు. స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఏడున్నర లక్షల మీద 56,250, అది కూడా మీ నెత్తినే. అన్నిటికన్నా మరిచిపోయేది ఇంకోటి ఉంది: చిట్టీ పాడారు కాబట్టి మిగిలిన నెలల కిస్తులు ఆగవు. పైస చేతికి రాకుండానే బాకీదారు అవుతారు.

తీసుకోక తప్పదనుకుంటే అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌తో సరిపెట్టుకోకండి. దానితో హక్కు రాదు, రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాలి. పట్టా ఎవరి పేరున ఉంది? చాలాసార్లు కంపెనీ పేరున కాదు, డైరెక్టర్ బామ్మర్ది పేరున ఉంటుంది. ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) 30 ఏళ్లకు తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఈసీ నిల్ వచ్చినా సంబరపడొద్దు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు అందులో కనిపించవు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా చూడండి. లేఅవుట్‌కు కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అనుమతి ఉందో లేదో అడగండి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కట్టిన రసీదు చూపిస్తే దాంతోనే ప్లాటు క్రమబద్ధమైందని కాదు, హక్కు వచ్చిందనీ కాదు.

పాస్‌బుక్, రసీదులు, "లెక్క పూర్తిగా ముట్టింది" అన్న కాగితం ముందే అడుగుతారు. ఇవ్వొద్దు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర మీ పేర డీడ్ రిజిస్టరైన తర్వాతే ఇవ్వండి. ముందే సంతకం పెట్టి, తర్వాత ప్లాటు రాక, చిట్టీ పైసలు అడిగే కాగితమూ లేక రెండు చేతులా పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

అపోహ: రిజిస్టర్డ్ చిట్టీ, కాబట్టి సర్కారు గ్యారంటీ.

గ్రూపు మొదలుపెట్టే ముందు ఫోర్‌మన్ (చిట్టీ నడిపే కంపెనీ) చిట్స్ రిజిస్ట్రార్ పేర పెట్టే సెక్యూరిటీకి లెక్క చిట్టీ మొత్తమే. పై గ్రూపుకు అది 10 లక్షలు. ఇరవై నెలలు గడిచాయనుకోండి, పాడనివాళ్లు 30 మంది. మొదటి నెల 20,000, తర్వాత పాట తగ్గింపులో వాటా పోను నెలకు 16,400 చొప్పున ఒక్కొక్కరు కట్టింది 3,31,600. ముప్పై మందిది కలిపితే 99 లక్షల పైమాటే. పదోవంతు సెక్యూరిటీ, మిగతాదంతా పాడుకున్నవాళ్లు కట్టబోయే కిస్తుల్లో ఉంది. అందుకే ముందు పాడినవాళ్ల జమానతులు సరిగా తీసుకోని కంపెనీలో చివరిదాకా ఆగేవాడికే దెబ్బ. బ్యాంకు డిపాజిట్‌కున్న 5 లక్షల బీమా చిట్టీకి లేదు.

అపోహ: పాడిన డబ్బు కంపెనీలోనే డిపాజిట్ పెడితే రూపాయిన్నర వడ్డీ.

ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకునే అధికారం చిట్ కంపెనీకి లేదు. పైగా అలా ఇస్తే అది చిట్టీ బాకీ కాకుండా పోతుంది, చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర మీ దావా నిలవదు. ఆ లెటర్‌హెడ్ కాగితాన్ని బాండు అనుకొని బీరువాలో దాచుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అపోహ: జమానతు సంతకం ఉత్త ఫార్మాలిటీ.

కాదు. పాడినాయన కట్టకపోతే మొత్తం బాకీకి మీరూ బాధ్యులే. టీచర్లు, సింగరేణి ఉద్యోగుల జీతాలు అటాచ్ అయ్యేది ఇలాగే.

అపోహ: డబ్బు ఇవ్వకపోతే సివిల్ కోర్టుకు పోవాలి.

చిట్టీ తగాదా 64వ సెక్షన్ కింద చిట్స్ రిజిస్ట్రార్‌కే పోతుంది, గడువు మూడేళ్లు. ముందు పాట మినిట్స్ కాపీ తీసుకోండి. పాట జరిగిన 21 రోజుల్లో అది రిజిస్ట్రార్‌కు చేరాలి, కంపెనీ ఇవ్వనంటే అక్కడ అడగండి. జమానతుదారుల జీతం సర్టిఫికెట్లు జతచేసి కంపెనీకి ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "ష్యూరిటీ సరిపోలేదు" అని నోటిమాటతో తిప్పితే కారణం రాసివ్వమనండి. జమానతు కుదరకపోయినా మీ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి, ఆ స్టేట్‌మెంట్ చూపమనండి. చూపకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ రసీదు పిటిషన్‌కు జతచేయండి.