ప్రొస్టేట్ తీసేశాక క్యాన్సర్ తిరగబెడుతుందా: అపోహలు, వాస్తవాలు

నేను పాథాలజిస్టును. మామూలుగా రోగులు నన్ను చూడరు, నేనూ వాళ్లను చూడను. ఆపరేషన్‌లో తీసిన గ్రంథి మాత్రమే నా బల్ల మీదికి వస్తుంది. అయినా ఈమధ్య రిపోర్టు చేత్తో పట్టుకుని నేరుగా నా గదికే వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల దగ్గర పదేపదే విన్న మాటలే ఇవి.

అపోహ: గ్రంథి మొత్తం తీసేశారు కాబట్టి ఇక తిరిగొచ్చే ప్రశ్నే లేదు.

వాస్తవం: ఉంది. ఆపరేషన్‌కు ముందే కొన్ని కణాలు గ్రంథి దాటిపోయి ఉండొచ్చు. అవి స్కాన్‌కు దొరకనంత చిన్నవి. వాటి జాడ ముందుగా పట్టిచ్చేది రక్తంలోని పీఎస్‌ఏ, అంటే ప్రొస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్. చాలామంది దీని పరీక్షను క్యాన్సర్‌ను కనిపెట్టే పరీక్షగానే ఎరుగుదురు. నిజానికి అమెరికాలో 1986లో దీనికి మొదట అనుమతి ఇచ్చింది క్యాన్సర్ ఉందని తేలినవాళ్లను గమనిస్తూ ఉండటానికే. కనిపెట్టడానికి వాడుకోవచ్చని అన్నది 1994లో. గ్రంథి ఉన్నన్నాళ్లూ వాపు వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పీఎస్‌ఏ పెరుగుతుంది. గ్రంథే లేనప్పుడు ఆ సాకులు చెల్లవు. అందుకే సర్జరీ తర్వాత నేను మొదట నమ్మేది ఈ పాత పరీక్షనే.

అపోహ: పీఎస్‌ఏ పోయినసారి 0.03, ఈసారి 0.05. అంటే తిరగబెట్టినట్టే.

వాస్తవం: అంత చిన్న తేడా యంత్రం తడబాటు కూడా కావచ్చు. ఒకే రక్తాన్ని రెండుసార్లు పరీక్షించినా రెండో దశాంశం కదలొచ్చు, ల్యాబ్ మారితే ఇంకా కదులుతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకేచోట చేయించుకోండి. మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు చేరి, మళ్లీ చేసినా అంత లేక అంతకు పైన వస్తేనే తిరగబెట్టిందనడం చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. సర్జరీ అయిన వారానికే పరీక్ష చేయించి బెంబేలెత్తిపోయేవాళ్లూ ఉన్నారు. రక్తంలోని పీఎస్‌ఏ సగానికి తగ్గడానికే రెండు మూడు రోజులు పడుతుంది, పూర్తిగా అడుగంటడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

అపోహ: పీఎస్‌ఏ 0.2 దాటితే రోజులు దగ్గరపడినట్టే.

వాస్తవం: ఈ భయం చూసినప్పుడల్లా నాకు 1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి వైద్యులు ప్రచురించిన లెక్క గుర్తొస్తుంది. సర్జరీ తర్వాత పీఎస్‌ఏ పెరిగినా వెంటనే హార్మోన్ చికిత్స మొదలుపెట్టని 304 మందిని వాళ్లు ఏళ్ల తరబడి గమనించారు. ఆ కాలంలో ఎముకలకో మరోచోటికో వ్యాధి పాకింది 103 మందికే. పీఎస్‌ఏ పెరిగినప్పటి నుంచి పాకడానికి పట్టిన మధ్యస్థ కాలం ఎనిమిదేళ్లు. అందరికీ ఒకే వేగం కాదు. అంకె ఎంత ఉందన్న దానికంటే ఎన్నాళ్లలో రెట్టింపవుతోందన్నది ముఖ్యం. రెట్టింపుకు ఏడాదికి మించి పడుతుంటే, కణాల గ్రేడు (సూక్ష్మదర్శినిలో అవి మామూలు కణాల రూపానికి ఎంత దూరమయ్యాయన్న కొలత) కూడా తక్కువైతే, యూరప్ యూరాలజీ సంఘం దాన్ని తక్కువ ముప్పు కిందే లెక్కిస్తుంది. మూడు నాలుగు నెలల్లోనే రెట్టింపైతే మాత్రం తాత్సారం పనికిరాదు.

అపోహ: "అంచున క్యాన్సర్ ఉంది" అని రాశారంటే సర్జన్ కొంత లోపలే వదిలేశాడు.

వాస్తవం: ఇది నా రిపోర్టులోని వాక్యమే, కాబట్టి వివరణ ఇచ్చుకోవాలి. గ్రంథి రాగానే దాని పైభాగమంతటికీ సిరా పూస్తాం. తర్వాత పలచని ముక్కలు కోసి సూక్ష్మదర్శిని కింద పెడతాం. క్యాన్సర్ కణం ఆ సిరాను తాకి కనిపిస్తే అంచున ఉందని రాస్తాం. లోపల ఏం మిగిలిందో నాకు కనిపించదు, బయటికి వచ్చినదాని అంచే కనిపిస్తుంది. అంచున ఉందని రాసినవాళ్లలో చాలామందికి ఎప్పటికీ తిరగబెట్టదు. సిరాను తాకిన భాగం ఎంత పొడవు, అక్కడి కణాల గ్రేడు ఎంత అన్నవి చూడాలి. మీ రిపోర్టులో ఆ రెండూ లేకపోతే అడగండి, మేమేమీ అనుకోం.

కణాల గ్రేడును చెప్పే గ్లీసన్ స్కోరు విషయంలోనూ ఇంతే. 7 అని ఒక్క అంకె చూసుకుని సరిపెట్టుకుంటారు. 3+4 వేరు, 4+3 వేరు. మొదటి అంకె ఎక్కువ భాగం పరుచుకున్న రకానిది. అది 4 అయితే ముప్పు పెరుగుతుంది. వీర్యకోశాల్లోకి, లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా అన్నది కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. సర్జరీకి ముందున్న పీఎస్‌ఏను వీటితో కలిపి కాప్రా-ఎస్ అనే స్కోరు వేస్తారు. 0 నుంచి 2 వస్తే తక్కువ ముప్పు, 6 అంతకు మించితే ఎక్కువ ముప్పు. దీనికి కొత్త పరీక్ష ఏదీ అక్కర్లేదు.

అపోహ: జన్యు పరీక్ష చేయిస్తే తిరగబెడుతుందో లేదో తేలిపోతుంది.

వాస్తవం: తేలదు, అంచనా పదునెక్కుతుంది. డెసిఫర్ పరీక్ష కణితిలోని 22 జన్యువుల చురుకుదనాన్ని కొలిచి 0 నుంచి 1 మధ్య స్కోరు ఇస్తుంది. 0.6 దాటితే వ్యాధి దూరంగా పాకే ముప్పు ఎక్కువని అర్థం. ప్రొలారిస్ కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో 31 జన్యువుల ద్వారా చూస్తుంది. రెండూ మీలాంటి కణితి ఉన్న వందమందిలో ఎందరికి ఏమవుతుందో చెబుతాయి, ఆ వందమందిలో మీరెవరో చెప్పవు. ఇంకో చిక్కు: ప్రొస్టేట్‌లో తరచూ ఒకటికి మించి కణితులుంటాయి, వాటి స్వభావాలూ ఒక్కటి కావు. తీసిన గ్రంథి ముక్కలను మైనం దిమ్మల్లో భద్రపరుస్తాం, పరీక్షకు ఏ దిమ్మ పంపామన్న దాన్ని బట్టి జవాబు మారొచ్చు. ఎక్కువ గ్రేడు ఉన్న దిమ్మను వెతికి పంపడం మా పని. నా లెక్కలో చికిత్స నిర్ణయం అటా ఇటా అని ఊగుతున్నప్పుడే ఈ పరీక్షకు విలువ. ఏ జవాబు వచ్చినా చేసేది అదే అయితే దేనికి?

అపోహ: ముప్పు ఉందంటే పీఎస్‌ఏ పెరగకముందే రేడియేషన్ ఇచ్చేయాలి.

వాస్తవం: ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. రాడికల్స్, రేవ్స్, గెటుగ్-17 అనే మూడు అధ్యయనాల ఫలితాలు 2020లో కలిపి చూస్తే, పీఎస్‌ఏ పెరిగేదాకా ఆగి, ఆ తొలి దశలోనే రేడియేషన్ ఇచ్చినా ఫలితం దాదాపు అంతే ఉందని తేలింది. అలా ఆగినవాళ్లలో చాలామందికి ఆ అవసరమే రాలేదు, మూత్రం ఇబ్బందులూ తప్పాయి. అయితే లింఫ్ గ్రంథులకు పాకినవాళ్లు, గ్రేడు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల్లో తక్కువ. వాళ్ల సంగతి విడిగా ఆలోచించాలి.

అపోహ: పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో (ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు ఒంట్లో ఎక్కడున్నా వెలిగించి చూపే స్కాన్) ఏమీ లేదు, కాబట్టి ఏమీ లేనట్టే.

వాస్తవం: పీఎస్‌ఏ 0.5 లోపు ఉన్నప్పుడు స్కాన్ ఖాళీగా రావడం మామూలే. స్కాన్‌లో ఏదైనా వెలిగేదాకా రేడియేషన్ వాయిదా వేస్తే, అది బాగా పనిచేసే సమయం చేజారిపోతుంది.

అపోహ: పీఎస్‌ఏ అడుగునే ఉంది, నొప్పులు వయసువల్లే.

వాస్తవం: ఎక్కువసార్లు నిజమే. కానీ బాగా రూపం మారిన కొన్ని కణాలు, ముఖ్యంగా న్యూరోఎండోక్రైన్ అనే అరుదైన, ఉధృతమైన రకం, పీఎస్‌ఏను పెద్దగా తయారుచేయవు. గ్రేడు ఎక్కువని రిపోర్టులో ఉండి, ఎముకల్లో విడవని నొప్పి ఉంటే పీఎస్‌ఏ అంకె చూసి ఊరుకోకండి, డాక్టర్‌తో ఆ మాట చెప్పి స్కాన్ గురించి అడగండి.